ఏ కొట్టులో?

మా బావ పెయింట్ల కొట్టు మెట్ల మీద నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

నేను వచ్చింది బావతో పోట్లాడటానికి. మా అక్క పోయాక నాకంటూ మిగిలింది దాని కూతురొక్కతే. మూడో తరగతి చదువుతోంది. వారంలో సగం రోజులు బడికి రావడం లేదని టీచరమ్మ నన్ను గేటు దగ్గర ఆపి చెప్పింది. ఎందుకు రాలేదని అడిగితే "కొట్టులో ఉన్నాను టీచర్" అందట. పసిపిల్లని కొట్టులో కూర్చోబెట్టి చాకిరీ చేయించుకుంటున్నాడా అని నాకు ఒళ్ళు మండింది. సగం కుట్టిన ఆటో సీటుని మిషను మీదే వదిలేసి, తిట్లన్నీ దారిలో వరస పెట్టుకుంటూ వచ్చాను. తీరా వస్తే బావ లేడు. గల్లా దగ్గర గుమస్తా ముసలాయన ఉన్నాడు. మొదటి తిట్టు నా నోట్లోంచి బయటపడక ముందే ఆయన అన్న మాట ఇది:

"పాపా? పాప ఈ కొట్టు గడప తొక్కి ఏడాది దాటింది బాబూ."

"అదేంటి? రోజూ కొట్టులోనే ఉంటున్నానని చెప్తోందిగా?"

"ఎవరికి చెప్పింది?"

"టీచరమ్మకి చెప్పింది. సందులో వాళ్ళకి చెప్పింది. మొన్న రోడ్డు మీద కనపడితే నాకూ చెప్పింది."

"అందరికీ చెప్పి నాకు మాత్రం చెప్పలేదన్నమాట. కొట్టులో ఉండేవాణ్ణి నేనూ," అని ముసలాయన నవ్వబోయి, నా మొహం చూసి మానేశాడు. "పెయింటు వాసనకి దగ్గొస్తుందని మీ బావే రానివ్వడు. ఇంట్లో ఎవరో చూసుకుంటున్నారని చెప్పాడు."

"ఎవరు?"

"అది నేనడగలేదు. యజమానిని అన్నీ అడుగుతామా?"

అడగం. అదే కదా ఈ లోకం నడిచే పద్ధతి. మెట్లు దిగాను.

పిల్ల అబద్ధం చెప్పదు. అది నాకు తెలుసు. వాళ్ళమ్మ ఉన్న రోజుల్లో దాన్ని "ఎందుకమ్మ" అని పిలిచేవాళ్ళం. ఏది చెప్పినా ఎందుకు అనేది. అన్నం తినమంటే ఎందుకు, నిద్రపొమ్మంటే ఎందుకు, చందమామ గుండ్రంగా ఉంటాడంటే ఎందుకు. మా అక్క నవ్వి నవ్వి "ఒరేయ్ తమ్ముడూ, దీన్ని నీ సీట్ల లోపల పెట్టి కుట్టెయ్‌రా" అనేది. ఆ పిల్లకి అబద్ధంతో పనేముంది? అబద్ధం చెప్పేవాళ్ళు ఎదుటివాళ్ళని ప్రశ్నలు అడగరు, తమని అడక్కుండా చూసుకుంటారు. అయితే ఇప్పుడది ఎందుకు అని అడిగి ఎన్నాళ్ళయిందో? ఎంత వెతికినా జ్ఞాపకం రాలేదు. "ఎంత బుద్ధిమంతురాలైందో, తల్లి పోయాక ఒక్క అల్లరి లేదు" అని సందంతా మెచ్చుకుంటుంటే నేనూ తలూపాను.

రోడ్డు దాటుతున్నాను. ఒక వ్యాన్ వాడు హారన్ కొట్టి, తల బయట పెట్టి, నా పుట్టుపూర్వోత్తరాలు గుర్తు చేసి వెళ్ళాడు. సరిగ్గా అప్పుడు ఆ మాట నాలో అడ్డం తిరిగింది.

కొట్టు.

మా చిన్నప్పటి ఇంట్లో, వెనక వైపు, కిటికీ అనదగ్గ కిటికీ లేని గది ఒకటుండేది. చాపలు, ఖాళీ డబ్బాలు, పనికిరాని పెట్టెలు పడేసేవాళ్ళు. దాన్ని మేము కొట్టు అనేవాళ్ళం. ఇరుగుపొరుగు సామాన్ల గది అనేవాళ్ళు, స్టోర్ రూమ్ అనేవాళ్ళు. మాకు మాత్రం కొట్టే. "ఒరేయ్, కొట్టులోంచి చాప పట్రా" అని మా అక్క గొంతు. దాగుడుమూతలు ఆడితే అది ఎప్పుడూ అందులోనే దాక్కునేది. వేరే చోటు తెలిసేది కాదు పిచ్చిదానికి. నేను ఇల్లంతా వెతికినట్టు నటించి చివరికి అక్కడికి వెళ్ళేవాణ్ణి. అక్క చీకట్లో మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని "ఇంత సేపా?" అనేది. ఆ రెండు మాటలు మళ్ళీ వినపడతాయంటే నేనీ రోజు కుట్టు మిషను పెట్టే బేడాతో సహా ఎవరికైనా ఇచ్చేస్తాను.

పెళ్ళయి వచ్చాక బావ ఇంటి వెనక కూడా అలాంటి గది ఉంటే అక్క దాన్నీ కొట్టు అనే పిలిచింది. "మాకు రెండు కొట్లురా బామ్మర్దీ. రోడ్డు మీదది నాది, పెరట్లోది ఆవిడది" అని బావ వేళాకోళం చేసేవాడు. తల్లి నోటి నుంచి పిల్ల నేర్చుకుంది.

ఊరందరికీ నిజమే చెప్పింది పిల్ల. రోజూ చెప్పింది, అడిగిన ప్రతివాళ్ళకీ చెప్పింది. వాళ్ళు వేరే కొట్టు విన్నారు. వాళ్ళని అనడానికేం లేదు, ఆ మాట మా ఇంటిది. బావవి తీసేస్తే అది తెలిసిన చెవులు ఇంకా బతికున్నవి నావే, అవీ వినలేదు.

ఆ తర్వాత నడవలేదు, పరుగెత్తాను.

బావ ఇంటి ముందు తలుపుకి తాళం. పక్క సందులోంచి పెరట్లోకి వెళ్ళాను. అక్క పెంచిన మొక్కల కుండీలు ఎండి, వాటిలో ఎవరో అట్టముక్కలు కుక్కారు. కొట్టు తలుపుకి బయట గొళ్ళెం, గొళ్ళేనికి తాళం. పైన జాలీ కొట్టిన చిన్న వెంటిలేటరు. లోపల్నించి సన్నగా ఏదో పాడుకుంటున్న చప్పుడు.

"అమ్మలూ" అన్నాను.

పాట ఆగిపోయింది.

"ఇక్కడ ఎవరూ లేరు" అంది లోపల్నించి.

జాలీ కిందికి జరిగాను. "నేనేనే. మామయ్యని."

"సీట్ల మామయ్యా?"

"నీకెంతమంది మామయ్యలున్నారే?"

"ఒక్కడే. అయినా అడగాలిగా. దొంగలు గొంతు మార్చుకుని వస్తారంట." ఏదో జరిపిన చప్పుడు. జాలీ వెనక దాని కళ్ళు, ముక్కు కనపడ్డాయి. పెట్టె ఎక్కి నిలబడినట్టుంది. జుట్టు ఉండలు కట్టింది. పెదవి చివర్లు పగిలి ఉన్నాయి. వేసుకుంది యూనిఫామే, కాలరు నల్లగా మెరుస్తోంది. "గట్టిగా మాట్లాడకు మామయ్యా. వింటే అందరూ నాన్నని తిడతారు."

"ఏం తిన్నావమ్మా పొద్దున్న?"

"బ్రెడ్డు. సగమే తిన్నా. మిగతాది దాచా."

"దాచడమెందుకు?"

"నాన్న ఒక్కోసారి మర్చిపోతాడుగా."

ఇవాళ ఎండగా ఉంది అన్నట్టు చెప్పింది. గొంతులో ఫిర్యాదు లేదు. ఫిర్యాదు ఉంటే బాగుండుననిపించింది.

"మరి బడి?"

"నాన్న పెందలాడే లేస్తే బడి. లేవకపోతే కొట్టు." తర్వాత నన్ను ఓదారుస్తున్నట్టు, "మొదట్లో భయమేసేది. ఇప్పుడు వెయ్యదు. అమ్మ చీరల పెట్టె ఉందిగా, దాని మీద పడుకుంటా. మూత మాత్రం తియ్యను. బాగా గుర్తొచ్చినప్పుడే కొంచెం తీసి, వెంటనే మూసేస్తా. ఊరికే తీస్తుంటే వాసన అయిపోతుంది మామయ్యా."

జాలీ మూల చిరిగిన కన్నంలోంచి చూపుడు వేలు దూర్చాను. దాన్ని గుప్పిట్లో పట్టుకుంది. వేలంతా ఆ గుప్పిట్లో పట్టిపోయింది. తలుపు తియ్యమని అడగలేదు. ఎప్పుడు తీస్తారనీ అడగలేదు.

నా సంచిలో మేకుల సుత్తి ఉంది, పటకారు ఉంది. ఆ గొళ్ళెం నాకొక లెక్క కాదు. ఊడబీకి, పిల్లని భుజానేసుకుని పోవచ్చు. పోతే ఏమవుతుంది? సాయంత్రానికి బావ వచ్చి "నా కూతుర్ని ఎత్తుకుపోయాడు" అంటాడు. నేను తాళం పగలగొట్టినవాణ్ణి, ఆయన కన్నతండ్రి. ఎవరి మాట చెల్లుతుందో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. టీచరమ్మ నా ఫోన్లో ఒక నంబరు ఎక్కించి పెట్టింది, పిల్లల కోసం పెట్టిన ఆఫీసుది. సందు మొదట్లోకి వెళ్ళి దానికి చేశాను.

ఒకావిడ ఎత్తింది. కంగారు పడలేదు, నన్నూ పడనివ్వలేదు. పాప మాట్లాడుతోందా, గాలి ఆడుతోందా, ఒంటి మీద గాయాలున్నాయా అని అడిగింది. నాకు కనపడినంత చెప్పాను.

"మంచి పని చేశారు. తలుపు పగలగొట్టకండి, పాపతో మాట్లాడుతూ ఉండండి. మేం దగ్గర్లోనే ఉన్నాం, బయల్దేరుతున్నాం. మీరు చెప్పినట్టు ఎవరికీ చెప్పం."

"అమ్మా, పాపని నాకిస్తారా?"

"అది ఇప్పుడు చెప్పలేనండి. ఇంట్లో ఎవరెవరున్నారు?"

"నేనొక్కణ్ణే. ముందు సీట్లు కుడతాను. వెనక ఒక గది."

అవతల ఏదో రాసుకుంటున్న చప్పుడు వినపడింది. "ముందు పాపని చూడనివ్వండి" అంది.

ఆ మాటకి అర్థం నాకు తెలుసు. నా బతుకంతా అలాంటి మర్యాద మాటలే విన్నాను. పిల్లని కొట్టులోంచి తీస్తారు. తీసి ఎక్కడో, ఏ ఊళ్ళోనో పెడతారు. నేను నెలకోసారి అరటిపళ్ళు పట్టుకుని వెళ్ళి బల్ల మీద కూర్చుంటాను. నా గదిలో ఒక చిన్న పరుపుంది. మిగిలిన ఫోము ముక్కలన్నీ కలిపి, నీలం రెక్సిను తొడిగి, అంచుల చుట్టూ సన్నటి దండలా కుట్టు వేసి చేశాను. గోడకి నిలబెట్టి ఉంది. ఎవరికి అని అడిగినవాళ్ళకి సాంపిల్ అని చెప్తుంటాను.

తిరిగి పెరట్లోకి వచ్చి జాలీ కింద నిలబడి ఏదో ఒకటి చెప్తుండగా స్కూటరు ఆగింది. గుమస్తా ఫోను చేసినట్టున్నాడు. బావ వచ్చాడు. చేతుల నిండా తెల్ల రంగు మరకలు.

"ఏరా, గోడ దూకావా?"

"దూకే పని లేదు. గేటు తీసే ఉంది బావా. తాళం పిల్లకే వేశావు."

"అరవకు. అందరూ వింటారు."

"అరవలేదు. అరిచేది ఇప్పుడే. తియ్యి."

తీశాడు. పిల్ల బయటికొచ్చి ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తండ్రిని చూడగానే దాని మొహం వెలిగిపోయింది, అది నేను ఒప్పుకుని తీరాలి. "ఇవాళ తొందరగా వచ్చేశావే నాన్నా!" అంది. బావ దాని కాలరు సర్దాడు. సర్దుతున్నంత సేపూ గోడ వైపే చూశాడు.

పెరటి తలుపు తీసి "వెళ్ళి మొహం కడుక్కోమ్మా" అన్నాడు. అది లోపలికి వెళ్ళగానే నా వైపు తిరిగాడు. "ఏంట్రా అలా చూస్తావు? నేనేమన్నా రాక్షసుణ్ణా? దాన్ని కొట్టానా? ఒక్కసారైనా చెయ్యెత్తానా? అడుగు, అడుగు దాన్నే!"

"కొట్టలేదు బావా. కొట్టులో పెట్టావు."

బావ మెట్టు మీద కూలబడ్డాడు.

"నీకేం తెలుసురా. కిందటేడు ఒకరోజు పెయింట్ల కొట్టులో నేను నాలుగు డబ్బాలు లోపల పెట్టి వచ్చేసరికి ఇది రోడ్డు మధ్యలో ఉంది. అమ్మున్న ఆస్పత్రికి పోతున్నానంది. లారీ వాడు వేసిన బ్రేకు చప్పుడు ఇప్పటికీ ఇక్కడుంది," అని చెవి మీద కొట్టుకున్నాడు. "తాళం వేస్తే ఉంటుంది కదా. ఉంటే చాలనుకున్నాను."

"మనిషిని పెట్టుకోవచ్చుగా? నన్ను పిలవొచ్చుగా?"

"నిన్నా?" నవ్వులాంటిదేదో నవ్వాడు. "నువ్వొస్తే మీ అక్క మాటలే మాట్లాడతావు. దాన్ని చూస్తే మీ అక్కే. ఆ నడకా, కంచం ముందు కూర్చునే తీరూ. ఎదురుగా ఉంటే చూడలేను, బయటికెళ్తే భయం. ఏం చెయ్యమంటావురా నన్ను?"

దాన్ని చూడక నేను చస్తుంటే, చూడలేక ఈయన చస్తున్నాడు. మధ్యలో పిల్ల పెట్టె మీద పడుకుని వాసన పొదుపు చేసుకుంటోంది.

"తీసుకుపో" అన్నాడు ఉన్నట్టుండి.

"ఏంటి?"

"నువ్వే పెంచుకో. నీకు కావాల్సింది అదే కదా ఎప్పటినుంచో? తీసుకుపో. ఎవరికీ చెప్పకు, అంతే. నలుగురి నోళ్ళలో పడితే నేను కొట్టు తెరవలేను."

లేచి, నా జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్ళాడు. వచ్చేటప్పుడు చేతిలో పిల్ల స్కూలు బ్యాగు, అందులో కుక్కిన రెండు గౌన్లు. వెనకే అది, చెప్పులు తొడుక్కుని, తడి మొహంతో. వచ్చి నా వేలు పట్టుకుంది. "పద మామయ్యా" అంది.

ఇలాంటి రోజు కోసం నేను ఎంత కాలం ఎదురుచూశానో ఎవరికి చెప్పను? పద అంటే పదమని, పిల్లని భుజమ్మీద కూర్చోబెట్టుకుని సందంతా చూస్తుండగా నడిచిపోవాలని. నా కాళ్ళు కదలబోయాయి కూడా. కానీ అక్క పోయిన కొత్తలో కూడా బావ ఇలాగే తీసుకుపొమ్మన్నాడు. పిల్ల నా గదికి అలవాటు పడుతుండగా వచ్చి, నిద్రపోతున్నదాన్ని భుజాన వేసుకుని పోయాడు. అడిగేవాళ్ళు లేనంత కాలం ఇవ్వడమూ నోటి మాటే, లాక్కోవడమూ నోటి మాటే. పైగా ఫోను చేసేశాను. ఇంక వెనక్కి తీసుకోలేను.

తెల్ల కారు సందులోకి తిరిగింది.

దిగినావిడ నాకంటే చిన్నది. భుజానికి గుడ్డ సంచి, కాళ్ళకి దుమ్ము చెప్పులు. ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పింది. ఎవరు పిలిచారో చెప్పలేదు, నా వైపు ప్రత్యేకంగా చూడనూ లేదు. నేరుగా పిల్ల ముందు గొంతుక్కూర్చుంది.

"బ్యాగు బాగుందే. ఎక్కడికి ప్రయాణం?"

పిల్ల నా వైపు చూసింది. ఈలోగా బావ ముందుకొచ్చాడు. గొంతు నిండా వ్యాపారం మర్యాద. "అబ్బే, పాప ఉండేది ఇక్కడ కాదండీ. వాళ్ళ మామయ్య దగ్గరే. ఇదిగో, ఈయనే. ఇవాళ ఊరికే నన్ను చూడ్డానికి వచ్చింది. ఎవరో గిట్టనివాళ్ళు మీకేదో చెప్పుంటారు." అంటూ నా మోచెయ్యి నొక్కాడు. "చెప్పరా, నీ దగ్గరే ఉంటుందని చెప్పు."

"నిజమేనా అమ్మా? మామయ్య దగ్గరే ఉంటావా?" అని ఆవిడ పిల్లని అడిగింది.

"అవును" అంది పిల్ల. "ఎప్పుడూ మామయ్య దగ్గరే ఉంటా. నాకక్కడ మంచం కూడా ఉంది."

అబద్ధం చెప్పని పిల్ల. నా కోసం, నా ఒంటిగది కోసం, లేని మంచం కోసం, మొదటిసారి చెప్పింది. అదీ ఎంత బాగా చెప్పిందనుకున్నారు! కళ్ళార్పకుండా, నా వేలు ఇంకాస్త గట్టిగా బిగించి.

ఆవిడ తలెత్తింది. "మీరు చెప్పండి. పాప మీ దగ్గర ఉంటుందా?"

ఊ అంటే చాలు. బావ మోచెయ్యి వదల్లేదు. పిల్ల వేలు వదల్లేదు. ఇద్దరూ నన్ను ఒకే మాట అడుగుతున్నారు, నా లోపల ఉన్నవాడూ అదే అడుగుతున్నాడు. ఊ అంటే కారు వెళ్ళిపోతుంది. రేపో ఎల్లుండో బావకి భయం పుడుతుంది, లేక బెంగ పుడుతుంది, వచ్చి భుజాన వేసుకుపోతాడు. ఈసారి ఈ కారు రమ్మన్నా రాదు.

"లేదమ్మా" అన్నాను. "నా దగ్గర లేదు. ఉంటే బాగుండును. ఇదిగో, ఈ గదిలో ఉంది. బయట తాళం వేసి ఉంది. నా కళ్ళతో చూశాను."

బావ చెయ్యి జారిపోయింది. పిల్ల చెయ్యి కూడా. అది నా మొహంలోకి చూసింది. తిట్టినా బాగుండేది, ఏడ్చినా బాగుండేది. కొత్త మనిషిని చూసినట్టు చూసి, ఆవిడ వైపు తిరిగింది.

"అయితే కొట్టు చూపిస్తా రండి" అంది.

ఆవిడ మమ్మల్ని బయటే ఉండమని సైగ చేసి, పిల్లతో లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. మేమిద్దరం మెట్టు మీద కూర్చున్నాం. బావ తాళాన్ని అటూ ఇటూ తిప్పుతూ ఉన్నాడు. లోపల పిల్ల గొంతు మొదలైంది. మాటలు తెలియడం లేదు గానీ ఆగకుండా వస్తోంది, మధ్యలో ఊపిరి కోసం ఆగి మళ్ళీ. అంత సేపు అది మాట్లాడగా విని ఎంత కాలమైందో. బావ తల మోకాళ్ళలో పెట్టుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. ఆవిడ గడపలోనే నిలబడింది.

"ఇవాళ పాపని ఈ ఇంట్లో వదల్లేం. అది మీకు అర్థమయ్యే ఉంటుంది" అంది బావతో. ఆయన తలూపాడు. నేను లేచి నిలబడ్డాను. అడగకుండా ఉండలేకపోయాను.

"ఎవరి దగ్గర ఉంటానంది అమ్మా?"

ఆవిడ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"మీ ఇద్దరి దగ్గరా కాదట. అత్త దగ్గరికి వెళ్తానంటోంది. మధ్యాహ్నం పూట ఈ జాలీలోంచి ముద్దలు పెట్టే అత్తట. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుందట." సంచిలోంచి పుస్తకం తీసింది. "ఎవరా అత్త?"

నాకు పెళ్ళి కాలేదు. బావకి అక్కచెల్లెళ్ళు లేరు. ఈ కొట్టు సంగతి తెలిసి పిల్లకి అన్నం పెట్టినావిడ ఎవరో మా ఇద్దరికీ తెలియదు. నేను బావ వైపు చూశాను, బావ నా వైపు చూశాడు. అక్క పోయాక మేమిద్దరం ఒకే మొహం పెట్టడం అదే మొదటిసారి.